నామవాచకం ముందు ఏం రావాలి? ఇంగ్లీషు డిటర్మినర్లపై చర్చ

కావలి_టెట్:

పెద్దలకు నమస్కారం. నేను కావలిలో ఉంటూ టెట్‌కూ డీఎస్సీకీ సిద్ధమవుతున్నాను. సాయంత్రాలు మా వీధిలోని పదో తరగతి పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంటాను. డిటర్మినర్ల దగ్గర, అంటే నామవాచకం ముందు వచ్చే ‘ఎ’, ‘మై’, ‘దిస్’ వంటి మాటల దగ్గర, నాకు రెండు చిక్కులు ఎదురవుతున్నాయి.

మొదటిది పరీక్షకు సంబంధించినది. నా దగ్గరున్న పాత గైడులో ‘మై’, ‘దిస్’, ‘సమ్’, ‘ఫైవ్’ వంటి మాటలన్నీ విశేషణాల కింద ఉన్నాయి. ‘ఎ’, ‘యాన్’, ‘ది’ మాత్రం ఆర్టికల్స్ అని విడిగా ఉన్నాయి. కొత్త పుస్తకంలో వీటన్నిటినీ ఒకచోట చేర్చి డిటర్మినర్లు అన్నారు. బిట్లలో దేన్ని గుర్తించాలో తేలడం లేదు.

రెండోది అంతకన్నా పెద్దది. నియమాలు అడిగితే పిల్లలు గడగడా అప్పజెబుతారు గానీ, సొంతంగా రాయమంటే ఇలా రాస్తారు: “మై ఫాదర్ ఈజ్ ఫార్మర్. హి బాట్ ట్రాక్టర్ లాస్ట్ ఇయర్. ట్రాక్టర్ ఈజ్ ఇన్ ది అవర్ ఫీల్డ్.” ఎక్కడ ఏం చేర్చాలో, ఎక్కడ ఏం తీసేయాలో దిద్ది చూపించవచ్చు. అయితే ‘ఎందుకు సార్?’ అని అడిగిన పిల్లవాడికి నమ్మకం కలిగేలా ఏం చెప్పాలి?

పెన్నాతీరం:

మీ మొదటి చిక్కుకు రెండు వందల ఏళ్ల పైబడిన చరిత్ర ఉంది. 1795లో లిండ్లీ మర్రే రాసిన వ్యాకరణం ఆర్టికల్‌ను ప్రత్యేక భాషాభాగంగా లెక్కించి, ‘మై’, ‘ఈచ్’, ‘దిస్’ వంటివాటిని విశేషణ సర్వనామాలు అన్నది. మన బడి వ్యాకరణాలు చాలావరకు ఆ వంశానివే. డిటర్మినర్ అనే పేరు అమెరికా భాషాశాస్త్రవేత్త లెనార్డ్ బ్లూమ్‌ఫీల్డ్ 1933 నాటి గ్రంథంతో వ్యాప్తిలోకి వచ్చింది. 1985లో క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ నలుగురూ కలిసి తెచ్చిన పెద్ద వ్యాకరణం దానిని మూడు అరలుగా విడగొట్టి స్థిరపరిచింది. ఆ తరువాత 2002లో హడిల్‌స్టన్, పుల్లమ్ వచ్చి, పదాల తరగతికి డిటర్మినేటివ్ అనీ, వాక్యంలో ఆ పదం చేసే పనికి డిటర్మినర్ అనీ పేర్లు మార్చారు. పండితులే ఒక్క మాట మీద లేనప్పుడు గైడులు తలో దారి పట్టడంలో వింతేమీ లేదు.

పేరు సంగతి ఎలా ఉన్నా, ఇవి మామూలు విశేషణాల్లా నడుచుకోవన్నది మాత్రం ఎవరికి వారు పరీక్షించుకుని చూడవచ్చు. ‘రెడ్’, ‘బిగ్’, ‘ఓల్డ్’ వంటి విశేషణాలను ఎన్నింటినైనా వరుసగా పేర్చవచ్చు: “ఎ బిగ్ ఓల్డ్ రెడ్ బస్”. “మై దిస్ ది బస్” అని పేర్చడానికి వీలు లేదు. “ది బస్ ఈజ్ రెడ్” అన్నది చక్కని వాక్యం. “ది బస్ ఈజ్ మై” అంటే కుదరదు, అక్కడ ‘మైన్’ రావాలి. అన్నిటికన్నా ముఖ్యమైన తేడా మరొకటి ఉంది. “ఐ లాస్ట్ పెన్” అనేది తప్పు. దానికి విశేషణం తగిలించి “ఐ లాస్ట్ రెడ్ పెన్” అన్నా తప్పు తప్పుగానే ఉంటుంది. “ఐ లాస్ట్ మై పెన్”, “ఐ లాస్ట్ ది పెన్”, “ఐ లాస్ట్ ఎ పెన్” అంటేనే వాక్యం నిలుస్తుంది. అంటే లెక్కించదగిన నామవాచకం ఏకవచనంలో ఉన్నప్పుడు దాని ముందు చోటు ఖాళీగా ఉండకూడదు, ఆ ఖాళీని పూరించే శక్తి విశేషణానికి లేదు, డిటర్మినర్‌కే ఉంది. మీ పిల్లల మొదటి రెండు వాక్యాలకు ఈ ఒక్క సూత్రం చాలు. ‘ఫార్మర్’, ‘ట్రాక్టర్’ రెండూ లెక్కించదగినవే, రెండూ ఏకవచనమే, రెండింటి ముందూ ఖాళీ.

“బై బస్”, “టు స్కూల్”, “ఎట్ హోమ్” వంటి కొన్ని పలుకుబళ్లు ఈ సూత్రానికి లొంగవు. వాటిని విడిగా నేర్పించండి. వాటి కోసం సూత్రాన్నే వదులుకోవద్దు.

ఒంగోలు_గిత్త:

పరీక్ష సంగతి నేను చెబుతాను, తమ్ముడూ. ఆప్షన్లలో డిటర్మినర్ అని ఉంటే దానినే గుర్తించు. అది లేకుండా డిమాన్‌స్ట్రేటివ్ అడ్జెక్టివ్, పొసెసివ్ అడ్జెక్టివ్ వంటివే ఉంటే పాత పద్ధతిలో అడిగారని అర్థం. రెండూ ఉంటే నీవు చదివిన ప్రభుత్వ పాఠ్యపుస్తకంలో ఏముందో దానిని నమ్ము, తేడా వస్తే ప్రాథమిక కీ మీద అభ్యంతరం పెట్టుకో. పుల్లమ్ గారు ఏమన్నారో మూల్యాంకనం చేసేవారికి అక్కర్లేదు.

మూలాపేట_తెలుగు:

నేను తెలుగు పండితుణ్ణి, ఇంగ్లీషు వ్యాకరణంలో వేలు పెట్టే అధికారం నాకు లేదు. అయినా పెన్నాతీరం గారి పరీక్షలు చదువుతుంటే మన త్రికం గుర్తుకు వచ్చింది. ఆ, ఈ, ఏ అనే మూడింటినీ చిన్నయసూరి బాలవ్యాకరణంలో త్రికమన్నాడు. ‘అక్కాలము’, ‘ఇవ్విధము’, ‘ఎవ్వాడు’ అంటూ త్రికసంధికి ఉదాహరణలు మీ పిల్లలు బడిలో చదివే ఉంటారు. ఇవి నామవాచకానికి ముందే వస్తాయి. ‘ఇల్లు పెద్దది’ అన్నట్టుగా ‘ఇల్లు ఆ’ అనలేము. మీరు చెప్పిన ‘మై’ లక్షణం అచ్చంగా వీటికి సరిపోతోంది. కాబట్టి డిటర్మినర్ అనే సరుకు మన భాషకు కొత్తదేమీ కాదు.

లేనిదల్లా ఆర్టికల్. ఆర్టికల్ లేనంత మాత్రాన అది చేసే పని తెలుగులో జరగడం లేదనుకోవడం పొరపాటు. ఈ రెండు వాక్యాలు చూడండి.

“మా ఇంటి ముందు లారీ ఆగింది.”
“లారీ మా ఇంటి ముందు ఆగింది.”

పదాలు అవే, వరుస మారింది. మొదటిది విన్నవాడు ‘ఏ లారీ?’ అని అడుగుతాడు. రెండోది విన్నవాడు అలా అడగడు. మనం ఎదురుచూస్తున్న లారీయో, ఇంతకుముందు అనుకున్న లారీయో అని అతనికి తెలుసు. అలాగే “బల్ల మీద పుస్తకం ఉంది” అంటే ఏదో ఒక పుస్తకం. “పుస్తకం బల్ల మీద ఉంది” అంటే నీవు వెతుకుతున్న పుస్తకం. ఇంగ్లీషువాడు ‘ఎ’, ‘ది’ అనే చిన్న మాటలతో చేసే పనిని మనం పదాల వరుసతో చేసుకుంటున్నాం.

ద్వితీయా విభక్తి దగ్గర కూడా ఇదే తేడా ఉంది. “పుస్తకం కొన్నాను” అనే మాట మొదటిసారి చెప్పినప్పుడు సహజంగా ఉంటుంది. “పుస్తకాన్ని కొన్నాను” అంటే ఆ పుస్తకం ప్రస్తావన అంతకుముందే వచ్చి ఉండాలి. జడపదార్థాల విషయంలో ‘ని’ చేర్చడమో మానడమో మన ఇష్టమని చెబుతుంటాం గానీ, ఆ ఇష్టం వెనుక ఈ లెక్క నడుస్తూనే ఉంటుంది. మనుషుల విషయంలో మాత్రం ఇది పనికిరాదు. “పిల్లవాణ్ణి చూశాను” అనక తప్పదు, వాడు ఎరిగినవాడైనా కాకపోయినా.

ఇంకొక్క మాట. ఈ మధ్య పత్రికల్లోనూ టీవీల్లోనూ “ఆయన ఒక డాక్టర్”, “ఆమె ఒక ఉపాధ్యాయురాలు” అనే వాక్యాలు పెరిగిపోయాయి. తెలుగులో “ఆయన డాక్టరు” అంటే సరిపోతుంది. ఇంగ్లీషులో మాత్రం “హి ఈజ్ ఎ డాక్టర్” అని ‘ఎ’ పెట్టి తీరాలి. మన పిల్లలు ఇంగ్లీషులో దానిని మింగేస్తారు, తెలుగులో అక్కర్లేకపోయినా అతికిస్తారు. నాకు ఈ రెండోదే ఎక్కువ బాధ.

పెన్నాతీరం:

పండితులవారూ, మీరు వేలు పెట్టడం మంచిదయింది. ‘ది’ గురించి ఇంగ్లీషు పుస్తకాలు పేజీలకు పేజీలు నియమాలు రాస్తాయి గానీ, వాటిలో ఎక్కువ భాగం మీరు చెప్పిన ఒక్క ప్రశ్నకు లోబడి ఉంటుంది: విన్నవాడు ‘ఏది?’ అని అడుగుతాడా, అడగడా? అడిగేటట్లయితే ‘ఎ’, అడగనవసరం లేకపోతే ‘ది’. ముందే చెప్పడం వల్ల తెలిసినా, ఎదుట కనబడడం వల్ల తెలిసినా, సూర్యుడిలా ఒక్కటే కావడం వల్ల తెలిసినా, ‘ది ఫస్ట్’, ‘ది బెస్ట్’ అన్నట్టు ఒక్కదానికే వర్తించే మాట ముందుండడం వల్ల తెలిసినా ఫలితం ఒకటే.

కావలి మిత్రమా, మీ పిల్లవాడు రాయదలచుకున్నది ముందుగా తెలుగులో చెప్పించండి. “మా నాన్న ట్రాక్టరు కొన్నాడు.” ఏ ట్రాక్టరు అని మీరు అడగండి. తెలియదు కాబట్టి ‘ఎ ట్రాక్టర్’. తరువాతి వాక్యం “ట్రాక్టరు మా చేలో ఉంది.” ఇప్పుడు ట్రాక్టరు ముందుకు వచ్చింది, ఏదని అడిగే పని లేదు. కాబట్టి ‘ది ట్రాక్టర్’. ‘ది అవర్ ఫీల్డ్’ సంగతి వేరు. తెలుగులో “ఈ మా ఇల్లు”, “ఆ మీ కోడెదూడ” అని రెండింటినీ పక్కపక్కన పెడతాం. ఇంగ్లీషులో ‘ది’, ‘దిస్’, ‘అవర్’, ‘ఎవ్రీ’ అన్నీ ఒకే స్థానం కోసం వచ్చేవి. బస్సులో డ్రైవరు సీటులా అక్కడ ఒక్కరికే చోటు. రెండు భావాలూ కావాలంటే ఒకదానిని వెనక్కు పంపాలి: “దిస్ హౌస్ ఆఫ్ అవర్స్”, “ఎ ఫ్రెండ్ ఆఫ్ మైన్”.

సింగరాయకొండ_టీచర్:

ప్రాథమిక పాఠశాలలో చెప్పేదాన్ని కాబట్టి నా చిక్కు ఇంకా కింది మెట్టు మీద ఉంది. అచ్చు శబ్దం ముందు ‘యాన్’, హల్లు శబ్దం ముందు ‘ఎ’ అని చెబుతాం. అక్షరాన్ని కాదు, శబ్దాన్ని చూడమని కూడా చెబుతాం. అయితే మన నోట ‘ఎగ్’ అనేది ‘యెగ్’ అవుతుంది, ‘ఎలక్షన్’ ‘యెలక్షన్’ అవుతుంది, ‘ఓల్డ్’ అనేది ‘వోల్డ్’ అవుతుంది. శబ్దం చూడమంటే పిల్లవాడు తన నోటి శబ్దాన్నే చూస్తాడు. వాడి చెవికి ‘యెగ్’ య-కారంతో మొదలవుతుంది. నియమం ప్రకారం వాడు రాసిన ‘ఎ యెగ్’ సరైనదే!

అందుకే ముందుగా ఉచ్చారణ సరిచేయించి, ఆపైన నియమం చెబుతున్నాను. ‘యూనిఫామ్’, ‘యూనివర్సిటీ’, ‘యూపీఐ’, ‘వన్ రూపీ కాయిన్’ వీటిలో య, వ నిజంగానే ఉన్నాయి కాబట్టి ‘ఎ’. ‘ఎగ్’, ‘ఆరెంజ్’, ‘అవర్’ వీటిలో లేవు కాబట్టి ‘యాన్’. పొడి అక్షరాల పేర్లు పిల్లలకు భలే నచ్చుతాయి: ‘యాన్ ఎమ్మెల్యే’, ‘యాన్ ఎస్సై’, ‘ఎ సీఐ’, ‘యాన్ ఎల్‌ఐసీ ఏజెంట్’. మాటను తెలుగు లిపిలో రాయిస్తే మొదటి అక్షరం అచ్చో హల్లో కంటికి కనబడిపోతుంది. ఈ విషయంలో మన లిపి ఇంగ్లీషు స్పెల్లింగు కన్నా నమ్మకమైనది.

పెన్నాతీరం:

అమ్మా, చాలా బాగా పట్టుకున్నారు. పిల్లలకు సరదాగా చెప్పడానికి ఒక సంగతి: ‘యాన్’ అనేది పాత ఇంగ్లీషులో ‘ఒకటి’ అనే సంఖ్యావాచకమే. ‘వన్’, ‘యాన్’ రెండూ ఒక తల్లి బిడ్డలు. హల్లు ముందు న-కారం రాలిపోయి ‘ఎ’ మిగిలింది. ఈ రాలిపోవడంలో జనం నాలుక తడబడి కొన్ని మాటల స్వరూపమే మారింది. వంటింట్లో కట్టుకునే ‘ఆప్రన్’ ఒకప్పుడు ‘నాప్రన్’. ‘ఎ నాప్రన్’ అన్నదానిని ‘యాన్ ఆప్రన్’ అని విడగొట్టుకోవడంతో న-కారం అటునుంచి ఇటు దూకింది. ‘ది’ కూడా ‘ఆ’ అని చూపించే పాత నిర్దేశక పదం నుంచి పుట్టినదే.

చీమకుర్తి_రాయి:

నేను గ్రానైట్ ఎగుమతి కార్యాలయంలో ఉత్తరాలు రాసే పని చేస్తాను. బడిలో మార్కు పోతే ఒక మార్కే, మా దగ్గర పోతే ఆర్డరు పోతుంది. గెలాక్సీ రాయి కావాలని విదేశీ కొనుగోలుదారు అడిగితే, మా పక్క కార్యాలయంలో ఒకరు “వి హావ్ ఫ్యూ బ్లాక్స్ రెడీ” అని మెయిల్ పంపారు. కొన్ని బ్లాకులు సిద్ధంగా ఉన్నాయని ఆయన ఉద్దేశం. అవతలివారు దానిని ‘పెద్దగా లేవు’ అని చదువుకుని మరోచోట కొనుక్కున్నారు. ‘ఎ ఫ్యూ’ అని ఉండాల్సిందని తరువాత తెలిసింది.

మా కార్యాలయంలో నేను పెట్టుకున్న కొండగుర్తు ఇది. తెలుగులో “కొద్దిమందే వచ్చారు” అని ఏకారం సాగదీస్తే ‘ఫ్యూ’. “కొందరు వచ్చారు” అంటే ‘ఎ ఫ్యూ’. “నీళ్లు కొంచెమే ఉన్నాయి” అంటే ‘లిటిల్’. “కొంచెం నీళ్లున్నాయి” అంటే ‘ఎ లిటిల్’. మొదటివాటిలో లేమి మీద బరువుంది, రెండోవాటిలో ఉనికి మీద.

లెక్కించేవి, లెక్కించనివి అనే విభజన కూడా మాకు రోజూ పనికొచ్చేదే. గ్రానైట్‌ను లెక్కించరు, బ్లాకును లెక్కిస్తారు. ‘మెనీ గ్రానైట్స్’ అనకూడదు, ‘మచ్ గ్రానైట్’ లేదా ‘మెనీ బ్లాక్స్ ఆఫ్ గ్రానైట్’ అనాలి. ‘ఇన్ఫర్మేషన్’, ‘మెషినరీ’, ‘లగేజ్’, ‘ఫర్నిచర్’ వీటికి ‘ఎ’ పెట్టకూడదు, బహువచనమూ చేయకూడదు. నెల్లూరు రైతు ధాన్యాన్ని గింజల్లో కాక పుట్లలో లెక్క చెబుతాడు కదా, ఇంగ్లీషులోనూ లెక్కించని సరుకుకు ఒక కొలత తగిలించి అప్పుడు లెక్కిస్తారు: ‘టూ బ్యాగ్స్ ఆఫ్ ప్యాడీ’, ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’.

కావలి_టెట్:

చాలా ఉపయోగంగా ఉంది. “మా నాన్న” అన్నదానికి పిల్లలు ‘అవర్ ఫాదర్’ అని రాస్తున్నారు. అది తప్పా?

మూలాపేట_తెలుగు:

తప్పని కాదు గానీ, వినేవారికి అన్నదమ్ములందరూ కలిసి మాట్లాడుతున్నట్టు తోస్తుంది. తెలుగులో ఇంటికీ ఊరికీ బంధువులకీ ‘మా’ వాడడం మర్యాద. “నా నాన్న” అని ఎవరూ అనరు. భార్య “మా ఆయన” అంటే ఆ ‘మా’కు ‘అవర్’ అని రాస్తే ఇల్లు కూలుతుంది. ఇక ‘మా’, ‘మన’ అనే తేడా ఇంగ్లీషులో లేదు, రెండింటికీ ‘అవర్’ ఒక్కటే. శరీరభాగాల దగ్గర దీనికి విరుద్ధం: “చేతులు కడుక్కున్నాడు” అంటాం, ఎవరి చేతులో చెప్పం. ‘కొను’ అనే సహాయక క్రియే ఆ పని చేస్తుంది. ఇంగ్లీషులో ‘హి వాష్‌డ్ హిస్ హ్యాండ్స్’ అని ‘హిస్’ పెట్టాల్సిందే.

ఉదయగిరి_దుర్గం:

పెన్నాతీరం గారితో నాకొక భేదాభిప్రాయం ఉంది. తెలుగు వాక్యం చెప్పించి, ‘ఏది?’ అని అడిగించి ‘ది’ పెట్టించే పద్ధతి కథ రాసేటప్పుడు పనిచేస్తుంది, అన్నిచోట్లా పనిచేయదు. “ఆవు సాధుజంతువు” అనే వాక్యాన్ని తీసుకోండి. తెలుగు పిల్లవాడికి ఈ వ్యాసం కంఠోపాఠం. ఇక్కడ ఆవు వాక్యారంభంలో ఉంది కాబట్టి మీ లెక్కన అది తెలిసిన ఆవు కావాలి. ఇంగ్లీషులో ‘ది కౌ ఈజ్ ఎ జెంటిల్ యానిమల్’ అనవచ్చు, ‘ఎ కౌ’ అనవచ్చు, ‘కౌస్ ఆర్ జెంటిల్ యానిమల్స్’ అని ఏమీ పెట్టకుండానూ అనవచ్చు. మూడూ సరైనవే! ఇక్కడ ‘ఏ ఆవు?’ అనే ప్రశ్నకే అర్థం లేదు.

రెండోది, ఊళ్లూ నదుల పేర్లు. ఇవన్నీ తెలిసినవే కదా. ‘ది నెల్లూర్’ అని ఎందుకు అనరు, ‘ది పెన్నా’ అని ఎందుకు అంటారు? ఇక్కడ బట్టీ తప్ప మార్గం లేదని నా అభిప్రాయం.

పెన్నాతీరం:

మొదటి అభ్యంతరాన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. జాతి మొత్తాన్ని గురించి చెప్పే వాక్యాలకు ఆ పరీక్ష పనికిరాదు. పిల్లలకు బహువచనరూపం నేర్పించడం క్షేమం: ‘కౌస్’, ‘ఫార్మర్స్’, ‘బుక్స్’, ముందు ఏమీ లేకుండా. పిల్లలు జాతిని గురించి రాస్తూ ‘ది ఫార్మర్స్ ఆర్ హార్డ్ వర్కింగ్’ అంటే, చదివేవారు ‘ఏ రైతులు?’ అని అడుగుతారు.

పేర్ల విషయంలో బట్టీ కొంత అవసరమే, అయినా మన జిల్లాల పటం ముందు పెట్టుకుంటే సగం శ్రమ తగ్గుతుంది. నదులకు, సముద్రాలకు, కాలువలకు ‘ది’ ఉంటుంది: ‘ది పెన్నా’, ‘ది బే ఆఫ్ బెంగాల్’, ‘ది బకింగ్‌హామ్ కెనాల్’. కొండల వరుసలు బహువచనంలో ఉంటాయి కాబట్టి ‘ది ఈస్టర్న్ ఘాట్స్’, ‘ది నల్లమల హిల్స్’. సరస్సులకు ఉండదు: ‘పులికాట్ లేక్’. ఊళ్లకు ఉండదు: ‘నెల్లూర్’, ‘ఒంగోల్’. రైళ్ల పేర్లకు ఉంటుంది: ‘ది పినాకినీ ఎక్స్‌ప్రెస్’. చిత్రమేమిటంటే పినాకిని అన్నది పెన్నాకే మరో పేరు, రైలుకూ నదికీ రెండింటికీ ‘ది’ ఉంది.

పేరు మధ్యలో ‘ఆఫ్’ వచ్చిందంటే ముందు ‘ది’ వచ్చే అవకాశం ఎక్కువ. ‘నెల్లూర్ డిస్ట్రిక్ట్’ కు లేదు, ‘ది డిస్ట్రిక్ట్ ఆఫ్ నెల్లూర్’ కు ఉంది. ‘కృష్ణపట్నం పోర్ట్’ కు లేదు, ‘ది పోర్ట్ ఆఫ్ కృష్ణపట్నం’ కు ఉంది. ‘విక్రమ సింహపురి యూనివర్సిటీ’ కి లేదు, ‘ది యూనివర్సిటీ ఆఫ్ మద్రాస్’ కు ఉంది. కారణం కూడా సులువే. ఊరి పేరు ఒంటరిగా ఉంటే సంజ్ఞానామం, దానికి గుర్తింపు వేరే అక్కర్లేదు. ‘పోర్ట్’ అనేది మామూలు నామవాచకం, ఏ రేవో వెనుకనున్న ‘ఆఫ్’ చెబుతోంది కనుక ‘ది’ పడుతుంది.

ఒంగోలు_గిత్త:

ఆర్టికల్స్‌తోనే సరిపెడుతున్నారు. ప్రశ్నల్లో ‘సమ్’, ‘ఎనీ’, ‘ఈచ్’, ‘ఎవ్రీ’ ఎక్కువగా వస్తాయి, వాటి గురించి చెప్పండి. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ అనే తప్పు దిద్దే ప్రశ్న కూడా తరచుగా కనబడుతుంది.

మూలాపేట_తెలుగు:

‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ రాసే పిల్లవాడిని తెలుగులో అడిగి చూడండి. “నా స్నేహితుల్లో ఒకడు” అంటాడే గానీ “నా స్నేహితునిలో ఒకడు” అనడు. బహువచనం వాడి నోట్లోనే ఉంది. ‘ఫ్రెండ్స్’ అని రాయించడానికి వేరే నియమం ఎందుకు?

త్రికంలోని ‘ఏ’ను కూడా ఇదే విధంగా వాడుకోవచ్చు. “ఏ బస్సు?” అంటే ‘విచ్ బస్’. “ఏ బస్సైనా సరే” అంటే ‘ఎనీ బస్’. “ఏదో బస్సు వచ్చింది” అంటే ‘సమ్ బస్’. “ఏ బస్సూ రాలేదు” అంటే ‘నో బస్’. ఒక్క ‘ఏ’కు ‘ఐనా’, ‘ఓ’, ‘ఊ... లేదు’ తగిలించి మనం నాలుగు పనులు చేసుకుంటాం. ఇంగ్లీషువాడు నాలుగింటికీ నాలుగు మాటలు పెట్టుకున్నాడు. ఇంగ్లీషు వైపు లోతుపాతులు పెన్నాతీరం గారే చెప్పాలి.

పెన్నాతీరం:

ఆ నాలుగు బస్సులూ పలక మీద రాయించదగినవి. ఇంగ్లీషు వైపు నుంచి కొన్ని మాటలు చేరుస్తాను. ‘సమ్’ సాధారణంగా అవునని చెప్పే వాక్యాల్లో, ‘ఎనీ’ కాదని చెప్పే వాక్యాల్లో, ప్రశ్నల్లో వస్తుందని బడిలో చెబుతాం. అది సగం నిజమే. “ఏదైనా సరే” అనే అర్థంలో ‘ఎనీ’ అవునని చెప్పే వాక్యంలోనూ నిక్షేపంగా వస్తుంది: ‘యూ కెన్ టేక్ ఎనీ బస్ టు గూడూర్’. ఇంటికి వచ్చినవారిని కాఫీ కావాలా అని అడిగేటప్పుడు, అది ప్రశ్నే అయినా, ‘వుడ్ యూ లైక్ సమ్ కాఫీ?’ అనడమే మర్యాద. పుచ్చుకుంటారనే నమ్మకంతో అడిగే ప్రశ్న అది.

‘విచ్’, ‘వాట్’ రెండింటికీ తెలుగులో ‘ఏ’ ఒక్కటే కాబట్టి పిల్లలు తడబడతారు. ఎదుట కొన్నే ఉండి వాటిలోంచి ఎంచుకోవాలంటే ‘విచ్’, పరిమితి లేకపోతే ‘వాట్’.

‘ఈచ్’ ఇద్దరికీ అంతకు మించినవారికీ పనికొస్తుంది, ‘ఎవ్రీ’కి కనీసం ముగ్గురు ఉండాలి. చేతులు రెండే కాబట్టి ‘ఇన్ ఈచ్ హ్యాండ్’ అంటారు, ‘ఇన్ ఎవ్రీ హ్యాండ్’ అనరు. ‘ఈచ్ ఆఫ్ ది బాయ్స్’ అనవచ్చు, ‘ఎవ్రీ ఆఫ్’ అనడానికి వీల్లేదు, ‘ఎవ్రీ వన్ ఆఫ్’ అనాలి. ‘ఆఫ్’ లేకుండా నేరుగా వస్తే రెండింటి తరువాతా నామవాచకం ఏకవచనమే. తెలుగులోనూ “ప్రతి రైతు” అంటాం కాబట్టి అక్కడ తప్పు జరగదు. క్రియ దగ్గరే జరుగుతుంది: “ప్రతి ఒక్కరూ వచ్చారు” అని మనం గౌరవ బహువచనం వాడే అలవాటుతో ‘ఎవ్రీ స్టూడెంట్ హావ్’ అని రాస్తారు. ‘హాజ్’ రావాలి.

‘సమ్ ఆఫ్’, ‘మోస్ట్ ఆఫ్’, ‘మెనీ ఆఫ్’ వీటి తరువాత నామవాచకం వస్తే దాని ముందు ‘ది’ గానీ ‘మై’, ‘దీజ్’ వంటిది గానీ ఉండాలి. ‘సమ్ ఆఫ్ స్టూడెంట్స్’ తప్పు. ‘సమ్ స్టూడెంట్స్’ లేదా ‘సమ్ ఆఫ్ ది స్టూడెంట్స్’.

కావలి_టెట్:

ఒకే స్థానంలో ఒక్కటే రావాలంటే, ‘ఆల్ మై బుక్స్’, ‘ది ఫస్ట్ టూ బోట్స్’ ఎలా కుదిరాయి మాస్టారూ? వాటిలో రెండేసి, మూడేసి ఉన్నాయి కదా.

పెన్నాతీరం:

మొదట్లో 1985 నాటి వ్యాకరణం మూడు అరలు చేసిందన్నాను కదా, అవి ఇందుకోసమే. నడిమి అరలో ‘ఎ’, ‘ది’, ‘దిస్’, ‘మై’, ‘సమ్’, ‘ఎవ్రీ’, ‘నో’ వంటివి ఉంటాయి; పోటీ అంతా అక్కడే. దానికి ముందరి అరలో ‘ఆల్’, ‘బోత్’, ‘హాఫ్’, ‘డబుల్’, ‘సచ్’ వంటి కొద్ది మాటలు. వెనుకటి అరలో సంఖ్యలు, ‘ఫస్ట్’, ‘లాస్ట్’, ‘అదర్’, ‘మెనీ’, ‘ఫ్యూ’. ‘ఆల్ మై అదర్ బుక్స్’లో మూడు అరల నుంచీ ఒక్కొక్కటి వచ్చింది. ‘ది ఫస్ట్ టూ బోట్స్’లో నడిమి అర నుంచి ఒకటి, వెనుకటి అర నుంచి రెండు, వెనుకటి అర కాస్త ఉదారమైనది. ‘హాఫ్ ది క్రాప్’ అనాలి, ‘ది హాఫ్ క్రాప్’ అనకూడదు. ‘బోత్ హిస్ సన్స్’ అనాలి, ‘హిస్ బోత్ సన్స్’ అనకూడదు. ఈ చివరిది మన ప్రాంతంలో డిగ్రీ చదివినవారి నోట కూడా వినబడుతుంది, ఎందుకంటే “అతని ఇద్దరు కొడుకులు” అనే తెలుగు వరుస అలాగే ఉంది. ఇక్కడ మాత్రం తెలుగును అనుసరిస్తే దెబ్బతింటాం.

సింగరాయకొండ_టీచర్:

‘బోత్’ ప్రస్తావన వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. “ఇద్దరూ రాలేదు” అన్నదానికి మా బడిలో అందరూ ‘బోత్ ది బాయ్స్ డిడ్ నాట్ కమ్’ అంటారు. ఇది నాకు ఎప్పుడూ తేడాగా అనిపిస్తుంది.

పెన్నాతీరం:

మీ అనుమానం సరైనదే, అమ్మా. ఆ వాక్యం విన్నవారికి ఇద్దరిలో ఒకరు వచ్చి ఉండవచ్చునా అనే సందేహం మిగులుతుంది. ఇద్దరిలో ఒక్కరూ రాలేదని నిక్కచ్చిగా చెప్పాలంటే ‘నైదర్ బాయ్ కేమ్’ అనాలి. ‘నైదర్’ తరువాత నామవాచకం ఏకవచనం, ‘నాట్’ మళ్లీ పెట్టకూడదు. ‘ఆఫ్’ చేర్చితే ‘నైదర్ ఆఫ్ ది బాయ్స్’ అని బహువచనం అవుతుంది.

ఒంగోలు_గిత్త:

‘నైదర్ ఆఫ్ ది బాయ్స్’ తరువాత ‘ఈజ్’ పెట్టాలా, ‘ఆర్’ పెట్టాలా? కోచింగులో ఇద్దరు సార్లు రెండు రకాలుగా చెప్పారు.

పెన్నాతీరం:

పరీక్షలో ‘ఈజ్’ గుర్తించండి. మాటల్లో ‘ఆర్’ కూడా వినబడుతుంది, దానిని తప్పనేవారు ఇప్పుడు తక్కువే. ‘నైదర్ బాయ్’ అని ‘ఆఫ్’ లేకుండా వస్తే మాత్రం ‘ఈజ్’ ఒక్కటే, అందులో రెండో అభిప్రాయం లేదు.